పరిశోధన గ్రూపుకు పేరు, సామాజిక మాధ్యమాల్లో పోస్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలోని కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో కొత్తగా గైడ్‌షిప్ (పీహెచ్‌డీ పరిశోధనను పర్యవేక్షించే అర్హత) వచ్చిన అధ్యాపకులు, వారి దగ్గర పీహెచ్‌డీకి చేరిన స్కాలర్లు అడిగే సందేహాలు ఏటా అవే తిరిగి వస్తున్నందున, వాటిని అడిగినవారి మాటల్లోనే ఇక్కడ చేర్చాను. ఏ ప్రశ్ననైనా విడిగా చదువుకోవచ్చు. చట్టాల ప్రస్తావన సాధారణ అవగాహన కోసమే; మీ సంస్థ ఉత్తర్వులో వేరుగా ఉంటే దానిదే పైమాట.

## గ్రూపు పెట్టేటప్పుడు

నా దగ్గర ఉన్నది ఇద్దరు స్కాలర్లే. ఇప్పుడే గ్రూపుకు పేరు కావాలా?

అక్కర్లేదు. శాఖ వెబ్‌పేజీలో మీ పేరు, దాని కింద స్కాలర్ల పేర్లు, వారి అంశాలు ఉంటే మొదటి రెండు మూడేళ్లకు సరిపోతుంది. బయటివారు మీ కోసం కాకుండా మీ దగ్గర జరుగుతున్న పని కోసం వెతుక్కుంటూ వచ్చినప్పుడే పేరు నిజంగా అవసరమవుతుంది: మీ స్కాలర్ రాసిన ప్రోగ్రామును మరొక ఊరివారు వాడుకుంటున్నప్పుడు, లేదా రెండు శాఖలు కలిసి ఒకే ప్రాజెక్టు నడుపుతూ అది ఎవరి ల్యాబ్ అని చెప్పాలో తేలనప్పుడు. అప్పటిదాకా లోగో గీయించడానికి పోయే సాయంత్రాలను సినాప్సిస్ (థీసిస్ సారాంశం) దిద్దడానికి వాడుకోవడం మేలు.

గ్రూపుకు నా పేరే పెట్టుకోవచ్చా? విదేశాల్లో అందరూ అలాగే పెడతారు కదా.

పెట్టకూడదన్న నియమం లేదు. అయితే అక్కడి ఆనవాయితీ అక్కడి పేర్ల పద్ధతి మీద నిలబడింది. వారు మనిషిని ఇంటిపేరుతో పిలుస్తారు, పేపర్లలో ఇంటిపేరుతో ఉదహరిస్తారు, ల్యాబ్‌నూ ఆ పేరుతోనే గుర్తుపెట్టుకుంటారు. మన దగ్గర ఇంటిపేరు ముందు నిలబడి పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. చివర మిగిలేది రావు, రెడ్డి, కుమార్, ప్రసాద్, లక్ష్మి. గణాంకశాస్త్రంలో 'రావు' అనగానే లోకానికి సి.ఆర్. రావు గుర్తుకొస్తారంటే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1945లో క్రామర్-రావు హద్దుగా పేరుపడిన ఫలితాన్ని ప్రచురించిన మనిషి కనుక. తక్కిన రావులందరూ 'రావు ల్యాబ్' అని బోర్డు పెట్టుకుంటే ఒక్క విశాఖపట్నంలోనే ఏ ల్యాబ్ ఏదో పోల్చుకోలేము.

నాకు ఇంకా ముఖ్యమనిపించే అభ్యంతరం మరొకటి ఉంది. గ్రూపు పేరును ఎక్కువ కాలం మోసేది గైడ్ కాదు, అక్కడ పనిచేసి వెళ్లిపోయిన స్కాలర్. ఉద్యోగానికి పెట్టిన బయోడేటాలో 'ఫలానావారి ల్యాబ్' అని ఉంటే ఆ ఫలానావారు తెలిసిన కమిటీకే అది అర్థమవుతుంది. 'తీర అవక్షేపాల పరిశోధన గ్రూపు' అని ఉంటే ఎవరూ తెలియని చోట కూడా ఆ స్కాలర్ నేర్చుకున్న పని ఏమిటో తెలిసిపోతుంది. పేరు పెట్టే అధికారం గైడ్‌ది కావచ్చు గాని, పెట్టేటప్పుడు ఆలోచించవలసింది ఆ స్కాలర్ గురించి.

వ్యక్తి పేరును ఇతరులు పెట్టినప్పుడు దాని గౌరవమే వేరు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, మన తీరానికి ఆవల సముద్రగర్భంలో ఉన్న లోయలను వర్ణిస్తూ, వాటిలో ఒకదాన్ని ఇక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి. మహదేవన్ పేరుతో ప్రస్తావించారు. అది మహదేవన్ తన గది తలుపు మీద తాను రాసుకున్న పేరు కాదు.

ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపితే ఒక మంచి మాట వచ్చేలా పేరు పెట్టాలనుంది. ఏమేం చూసుకోవాలి?

ముందుగా దాన్ని ఫోనులో ఎవరికైనా చెప్పి రాయమనండి. అవతలివారు ఒక్కసారికే సరిగ్గా రాయగలిగితే సగం పరీక్ష నెగ్గినట్టే. తరువాత ఆ మాటను గూగుల్‌లోను, గూగుల్ స్కాలర్‌లోను, ఎక్స్ (పాత ట్విట్టర్)లోను, లింక్డ్‌ఇన్‌లోను వెతకండి. అదే పేరుతో ఒక మందు కంపెనీయో కోచింగ్ సెంటరో కనిపిస్తే మీ ఖాతా ఎప్పటికీ వాటి కిందే ఉండిపోతుంది. ఎక్స్‌లో హ్యాండిల్‌కు (ఖాతా పేరుకు) 15 అక్షరాలకు మించి చోటు లేదు, అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేవీ ఇమడవు. కాబట్టి కూడిక గుర్తు, హైఫన్, పైకి లేచిన అంకె వంటి అలంకారాలు కాగితం మీదే మిగిలిపోతాయి.

ఇతర భాషల్లో, ఇతర సందర్భాల్లో ఆ మాట ఎలా వినిపిస్తుందో కూడా అడిగి చూడాలి. కృత్రిమ మేధ రంగంలో పేరున్న ఒక అంతర్జాతీయ సదస్సు 2018లో తన పొడిపేరును 'నిప్స్' నుంచి 'న్యూరిప్స్'గా మార్చుకుంది. పాత పేరు ఇంగ్లీషులో వెకిలి హాస్యానికి తావిస్తోందని సభ్యులు చాలాకాలంగా అభ్యంతరం చెబుతూ వచ్చారు. యంత్రాలు ఎలా చదువుతాయన్నది మరో సంగతి. మానవ జన్యువుల నామకరణ కమిటీ 2020 నాటికి కొన్ని జన్యువుల గుర్తులనే మార్చవలసి వచ్చింది, ఎందుకంటే 'మార్చ్1' అన్న జన్యువును ఎక్సెల్ తనంతట తాను మార్చి 1వ తేదీగా దిద్దేస్తోంది. మీ పొడిపేరు నెల పేరులాగానో కొలతలాగానో ఉంటే డేటా ఫైళ్లలో అదే అవస్థ మీకూ వస్తుంది.

పొడిపేరు కుదరడం కోసం పూర్తి పేరులో అవసరం లేని విశేషణాలు ఇరికించకండి. 'అడ్వాన్స్‌డ్', 'ఇంటిగ్రేటెడ్', 'స్మార్ట్' అన్న మాటలు ఎక్కువగా వచ్చేది అలాగే.

'సెంటర్', 'ఇన్‌స్టిట్యూట్', 'నేషనల్' అన్న మాటలు పేరులో వాడవచ్చా?

గ్రూపు, ల్యాబ్, టీమ్ అన్న మాటలకు ఎవరి అనుమతీ సాధారణంగా అక్కర్లేదు. 'సెంటర్' అన్నది విశ్వవిద్యాలయంలో ఒక పాలనా విభాగం. దానికి తీర్మానం, బడ్జెట్ పద్దు, డైరెక్టర్ ఉంటారు. పాలకమండలి ఆమోదం లేకుండా లెటర్‌హెడ్ మీద 'సెంటర్' అని వేసుకుంటే ఆడిట్‌లో ప్రశ్న వస్తుంది, నిధులిచ్చే సంస్థ కూడా ఉత్తర్వు కాపీ అడుగుతుంది. 'యూనివర్సిటీ' అన్న మాటను చట్టప్రకారం ఏర్పడని సంస్థలు తమ పేరులో వాడకూడదని యూజీసీ చట్టం, 1956లోని 23వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ పోషణ ఉన్నట్టు తోచే పేర్లు, చిహ్నాల విషయంలో 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం ఉంది. లోగోలో మూడు సింహాల గుర్తును వాడాలన్న ఆలోచన ఉంటే మొదట్లోనే మానుకోండి.

తెలుగు పేరు పెడితే బాగుంటుందా?

బాగుంటుంది, ఇంగ్లీషు లిపిలో దాన్ని ఒకే ఒక విధంగా రాయగలిగితే. దీర్ఘాలు, ఒత్తులు, 'త'కు 'ద'కు దగ్గరగా వినిపించే అక్షరాలు ఉన్న పేరును ఒక్కొక్క స్కాలర్ ఒక్కొక్క స్పెల్లింగుతో రాస్తారు. ఆ తేడాల వల్ల పేపర్ల చివర కృతజ్ఞతల్లో మీ గ్రూపు మూడు గ్రూపులై కనిపిస్తుంది. సముద్రం మీద పనిచేసేవారికి తరంగ, సాగర, వరుణ అన్న పేర్లు వెంటనే తడతాయి. వాటిని పడవలు, హోటళ్లు, అపార్టుమెంట్లు ఎప్పుడో తీసేసుకున్నాయి.

పేరులో ఊరిని చేర్చవచ్చా?

చేర్చవచ్చు గాని ఒకే రూపానికి కట్టుబడాలి. మన పాత పేపర్లలో చిరునామా 'ఆంధ్ర విశ్వవిద్యాలయం, వాల్తేరు' అని ఉంటుంది, ఇప్పటివాటిలో విశాఖపట్నం, కొందరి రాతలో వైజాగ్. సంస్థల పేర్లలోని ఇలాంటి గందరగోళాన్ని తగ్గించడానికే 2019లో ఆర్‌ఓఆర్ అనే అంతర్జాతీయ పట్టిక మొదలై, ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క శాశ్వత గుర్తింపును ఇస్తోంది. గ్రూపు పేరు ఏదైనా పేపర్ మీద చిరునామా మాత్రం సంస్థ నిర్దేశించిన రూపంలోనే ఉండాలి.

పదేళ్లకు మా అంశమే మారిపోయింది. పేరు మార్చాలా?

పాత పేరు కొత్తవారిని తప్పుదారి పట్టిస్తుంటే మార్చండి, లేకపోతే ఉంచండి. ఐరోపాలోని కణభౌతిక పరిశోధన సంస్థ 'సెర్న్' పొడిపేరు మొదట ఒక తాత్కాలిక మండలిది. 1954లో ఆ మండలి స్థానంలో శాశ్వత సంస్థ ఏర్పడినా పొడిపేరు మాత్రం అలాగే నిలిచింది, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. మార్చదలిస్తే ఖాతా వివరణలో 'పూర్వనామం ఇది' అని కనీసం రెండేళ్లు ఉంచాలి, పాత వెబ్ చిరునామా కొత్తదానికి దారి మళ్లించేలా చూడాలి. స్కాలర్ చేరిననాటి పేరు ఒకటి, వైవా (థీసిస్‌పై మౌఖిక పరీక్ష) నాటి పేరు మరొకటి అయితే రెండూ రాసుకోమని వారికి చెప్పండి.

## ఖాతా తెరిచేటప్పుడు

ఎన్నో వేదికలు ఉన్నాయి. ఎందులో ఉండాలి?

మీ పేపర్ ఎవరు చదవాలని మీరు కోరుకుంటున్నారో వారున్న చోట. ఉద్యోగాలు వెతికే స్కాలర్లకు లింక్డ్‌ఇన్ ఉపయోగపడుతుంది. ట్విట్టర్ 2023 జూలైలో ఎక్స్ అయ్యాక కొన్ని శాస్త్ర సమూహాలు బ్లూస్కైకి, మాస్టడాన్‌కు తరలాయి; మీ రంగంవారు ఎక్కడున్నారో నాలుగు పేర్లు వెతికితే తెలుస్తుంది. జిల్లాలోని అధికారులకు, విలేకరులకు, మత్స్యకార సంఘాలకు ఇవేవీ చేరవు, వారికి చేరేది వాట్సాప్. ఒకటి లేదా రెండు వేదికలు చాలు.

వేదికలు వస్తాయి, పోతాయి. కాబట్టి ప్రతి స్కాలర్‌కూ చేరిన మొదటి నెలలోనే ఆర్కిడ్ సంఖ్య ఉండాలని నేను పట్టుబడతాను. 2012 నుంచి ఉచితంగా ఇస్తున్న ఈ 16 అంకెల గుర్తింపు, కె.వి. రావులు ఎందరున్నా ఎవరి పేపర్లు ఎవరివో విడదీస్తుంది.

గ్రూపు ఖాతా పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలి?

కనీసం ఇద్దరి దగ్గర, వారిలో ఒకరు శాశ్వత ఉద్యోగి అయి ఉండాలి. మామూలుగా జరిగేది ఇది: ఉత్సాహం ఉన్న ఒక స్కాలర్ తన ఫోను నంబరుతో, తన సొంత జీమెయిల్‌తో గ్రూపు ఖాతా తెరుస్తారు. డిగ్రీ అయ్యాక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాతి పరిశోధన) కోసం విదేశానికి వెళతారు, ఇక్కడి సిమ్‌కు రీచార్జి ఆగిపోతుంది, ఆ నంబరును కంపెనీ మరొకరికి కేటాయిస్తుంది. ఆ తరువాత ఎప్పుడు లాగిన్ కావాలన్నా ఓటీపీ ఏ గాజువాకలోనో కొత్త సిమ్ కొనుక్కున్న అపరిచితుడికి వెళుతుంది. సంస్థ ఇచ్చిన ఈమెయిలుతో ఖాతా తెరిచి, రికవరీ కోడ్లను కాగితం మీద అచ్చు వేసి శాఖ బీరువాలో ఉంచితే ఈ బాధ ఉండదు.

నేను ప్రభుత్వ విశ్వవిద్యాలయ ఉద్యోగిని. పోస్టు చేయడానికి అనుమతి తీసుకోవాలా?

మీకు వర్తించే ప్రవర్తనా నియమావళి ఏదో రిజిస్ట్రార్ కార్యాలయంలో ముందు కనుక్కోండి. కేంద్ర ఉద్యోగుల 1964 నియమాల్లో, అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర స్వభావం గల పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదన్న మినహాయింపు ఉంది. సొంత పరిశోధనను వివరించడం దాని పరిధిలో ఉంటుంది; అదే పోస్టు చివర ప్రభుత్వ నిర్ణయాన్ని విమర్శించే వాక్యం చేరిస్తే పరిధి మారిపోతుంది. సొంత అభిప్రాయాలు గ్రూపు ఖాతాలో అసలే వద్దు, ఎందుకంటే అక్కడ మీ మాట స్కాలర్ల మాటగా కూడా చదువుతారు.

## పేపర్ రాకముందు

ఫలితం చాలా బాగా వచ్చింది. ఇప్పుడే పంచుకోవచ్చా?

పేటెంటుకు అవకాశం ఉంటే ఒక్క ఫొటో కూడా పెట్టవద్దు. దరఖాస్తుకు ముందే బయటపడిన ఆవిష్కరణకు కొత్తదనం పోతుంది. భారత పేటెంట్ల చట్టం, 1970లోని 31వ సెక్షన్, కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనలో చూపడం, విద్వత్సభలో పత్రం చదవడం వంటి కొద్ది సందర్భాలకే 12 నెలల వెసులుబాటు ఇస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ రీల్ విద్వత్సభ కిందికి రాదు. ప్రాజెక్టు నావికాదళానిదో రక్షణ సంస్థదో అయితే, ఒప్పందంలో ఉన్న గోప్యత షరతు పరికరం ఫొటోకు కూడా వర్తిస్తుంది.

పేటెంటు సంగతి లేనప్పుడు కూడా ఫలితం రెండోసారి అలాగే వచ్చేదాకా ఆగడం మంచిది. పరికరం బిగించడం, నమూనాలు తీయడం, ప్రోగ్రాములో ఒక చిక్కు విడిపోవడం వంటి పని విశేషాలను ఈలోగా హాయిగా పంచుకోవచ్చు.

ప్రీప్రింట్ పెట్టి, దాని లింకు ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు, ముందు మీ జర్నల్ నిబంధన చూసుకుంటే చాలు. ప్రీప్రింట్ అంటే సమీక్ష పూర్తికాకముందే బయట పెట్టే పేపర్ ప్రతి. భౌతిక, గణిత శాస్త్రాల్లో 1991 నుంచి ఆర్కైవ్, జీవశాస్త్రాల్లో 2013 నుంచి బయోఆర్కైవ్ అనే వెబ్‌సైట్లు ఈ పనికే ఉన్నాయి. ప్రీప్రింట్ తేదీ వల్ల ముందు ఎవరు చేశారన్న తగవు తీరుతుంది. పోస్టు మొదటి వాక్యంలోనే 'ఇది ఇంకా సమీక్ష పూర్తికాని పేపర్' అని ఉండాలి, చివర రాస్తే చదివేవారు అక్కడిదాకా రారు. సమీక్షకులకు రచయితలు ఎవరో తెలియకూడదన్న నియమం ఉన్న సదస్సులు కొన్ని, ఆ కాలంలో ప్రచారాన్ని నిషేధిస్తాయి.

సెమినార్‌లో వేరొకరి స్లైడ్‌ను ఫొటో తీసి పెట్టవచ్చా?

వక్తను అడగండి. అడిగే వీలు లేకపోతే పెట్టవద్దు.

ఫీల్డులో తీసిన ఫొటోలు పెడితే ఏమైనా ఇబ్బందా?

ఈ ఊళ్లో పనిచేసేవారికి ఇది చిన్న ప్రశ్న కాదు. మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో వాటికి రక్షణ ఉంది. గూడు దొరికిన చోటు తెలిసేలా ఫొటో పెడితే మరునాటికి అక్కడ జనం చేరతారు, వారి వెనకే కుక్కలు చేరతాయి. తూర్పు కనుమల్లో దొరికే అరుదైన మొక్కలకు, ఎర్రమట్టి దిబ్బల్లో నమూనా తీసిన చోట్లకు కూడా ఇదే జాగ్రత్త కావాలి: మండలం పేరు చెప్పవచ్చు, అక్షాంశ రేఖాంశాలు చెప్పకూడదు.

ఫొటో ఫైలులోనే స్థలం దాగి ఉంటుందని చాలామందికి తెలియదు. ఫోను కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ప్రతి చిత్రంలోనూ ఆ అంకెలు నమోదవుతాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అవి తొలగిపోతాయి గాని, నాణ్యత తగ్గకూడదని 'డాక్యుమెంట్'గా పంపితే యథాతథంగా అవతలికి చేరతాయి. ఫీల్డుకు బయలుదేరే ముందే కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయడం అన్నిటికంటే సులువు.

మనుషుల ఫొటోల విషయం ఇంకా సున్నితమైనది. ఏజెన్సీ గ్రామాల్లో సర్వేకు వెళ్లినప్పుడు ప్రశ్నావళికి తీసుకున్న సమ్మతి ఫొటోకు వర్తించదు, ఫొటో తీయడానికి ఇచ్చిన సమ్మతి దాన్ని లోకానికి చూపడానికి వర్తించదు. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే దరఖాస్తులోనే ఈ రెండింటికీ వేర్వేరు గడులు పెట్టుకోండి. పిల్లల ముఖాలు వద్దు. ఓడరేవు, నౌకాదళ స్థావరాల దగ్గర పడవలో ఉన్నప్పుడు కెమెరా సంచిలోనే ఉండాలని స్కాలర్లకు ముందే చెప్పాలి.

## పేపర్ వచ్చాక

పేపర్ పీడీఎఫ్‌ను ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్‌లోనో పెట్టేయవచ్చా?

అది సీసీ బై వంటి (రచయిత పేరు చెబితే ఎవరైనా పంచుకోవచ్చన్న) బహిరంగ లైసెన్సుతో వచ్చి ఉంటే నిస్సంకోచంగా పెట్టవచ్చు. లేకపోతే జర్నల్ అచ్చువేసిన రూపంపై హక్కు సాధారణంగా ప్రచురణకర్తది. మీరు పంచుకోగలిగింది సమీక్ష పూర్తయి, అంగీకారం పొందిన మీ సొంత వర్డ్ ప్రతి, అదీ కొన్నిసార్లు గడువు తీరాకే. ఇది కాగితం మీది నియమం మాత్రమే అనుకోవద్దు: పరిశోధకులు పేపర్లు పంచుకునే వెబ్‌సైటు రీసెర్చ్‌గేట్‌పై రెండు పెద్ద ప్రచురణ సంస్థలు 2017లో జర్మనీలోను, 2018లో అమెరికాలోను వేసిన దావాలు 2023లో గాని రాజీ కాలేదు.

పోస్టులో ఇవ్వవలసింది డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు) లింకు. ప్రచురణకర్త వెబ్‌సైటు మారినా అది పేపర్‌ను చేరుస్తుంది, పేపర్ గురించి ఆన్‌లైన్‌లో ఎంత మాట్లాడుకున్నారో చూపే ఆల్ట్‌మెట్రిక్ వంటి లెక్కలు కూడా దానినే పట్టుకుంటాయి. 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న 'ఒక దేశం, ఒక చందా' పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలవారు 30 ప్రచురణ సంస్థల జర్నళ్లను చదవగలరు. ప్రైవేటు కళాశాలలవారికి, బయటివారికి 'కావాలంటే మెయిల్ చేయండి' అన్న ఒక్క వాక్యం చేర్చండి.

'తెలియజేయడానికి సంతోషిస్తున్నాను' తప్ప నాకు మాటలు రావడం లేదు. పోస్టులో ఏం రాయాలి?

మీ సంతోషం చదివేవారికి పనికిరాదు, మీరు కొలిచింది పనికివస్తుంది. ల్యాప్‌టాప్ తెర మీది మొదటి పేజీని ఫోనుతో వంకరగా ఫొటో తీసి, కింద గౌరవనీయ ఉపకులపతి మొదలు శాఖాధిపతి వరకు వరసగా కృతజ్ఞతలు చెప్పే పోస్టులు రోజూ చూస్తాం. వాటిలో ఆ పేపర్ దేని గురించో తెలుసుకోవాలంటే ఫొటోను పెద్దది చేసి శీర్షిక చదువుకోవాలి. కృతజ్ఞతలకు పేపర్ చివర చోటు ఉంది.

మీ స్కాలర్ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఇసుక నమూనాలు తీసి ప్లాస్టిక్ ముక్కలు లెక్కించారనుకుందాం. పోస్టు ఇలా ఉండవచ్చు: 'రుషికొండ దగ్గరి ఇసుకలో మేము వెతికింది 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ ముక్కల కోసం. వానాకాలానికి ముందు, తరువాత తీసిన నమూనాల మధ్య తేడా చిత్రంలో చూడండి. అవి ఎక్కడి నుంచి కొట్టుకొచ్చాయో ఈ పేపర్ చెప్పదు.' మూడో వాక్యాన్ని వదిలేయాలని అందరికీ అనిపిస్తుంది. అది లేకపోతే మరునాడు ఏదో ఒక గెడ్డనో ఏదో ఒక హోటల్‌నో కారణంగా చూపిస్తూ మీ పేరుతో వార్త వస్తుంది.

ఒకే చిత్రం పెట్టండి, అదీ ఫోను తెర మీద అక్షరాలు కనిపించేదై ఉండాలి. చూపు లేనివారి కోసం చిత్రవివరణ రాసే గడి ఎక్స్‌లో ఉంది, 1000 అక్షరాల దాకా పడుతుంది.

గ్రూపు ఖాతా నుంచి పోస్టు పెట్టేటప్పుడు ముందు ఎవరి పేరు రావాలి?

పని చేసినవారి పేరు. గ్రూపుకు పేరు పెట్టడంలోని ప్రమాదమంతా ఇక్కడే ఉంది: 'మా గ్రూపు సాధించింది' అన్న వాక్యంలో మనిషి మాయమవుతారు. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్ నుంచి పడవ ఎక్కి, నీటి సీసాలను ఐస్ పెట్టెలో సర్దుకొని, లేబుళ్లు తడిసిపోకుండా వాటి మీద టేపు అంటించుకొని వచ్చిన అమ్మాయి పేరు ఆ వాక్యంలో లేదు. బయటివారు ఆ ఖాతాను గైడ్ ముఖంగా చదువుతారు కనుక పేరు లేని ప్రతి పనీ గైడ్ ఖాతాలో జమ అవుతుంది.

కాబట్టి మొదటి రచయిత పూర్తి పేరుతో వాక్యం మొదలుకావాలి, వారికి ఖాతా ఉంటే ట్యాగ్ చేయాలి, వీలైతే పోస్టును మొదట వారే పెట్టి గ్రూపు ఖాతా దాన్ని తిరిగి పంచుకోవాలి. ఎవరు ఏం చేశారో చెప్పడానికి చాలా జర్నళ్లు 14 పాత్రలున్న క్రెడిట్ పట్టికను వాడుతున్నాయి. పోస్టుకు కూడా అదే ఆధారం చేసుకుంటే తగవు రాదు. ల్యాబ్ అసిస్టెంటు, పడవ నడిపినవారు, సర్వేలో దుబాసీగా సాయపడిన ఊరివారు రచయితల జాబితాలోకి రాకపోవచ్చు, పోస్టులోకి రావడానికి అడ్డేమీ లేదు.

ఇది గైడ్ పెద్దరికాన్ని తగ్గిస్తుందని కొందరు సీనియర్లు నొచ్చుకుంటారు. స్కాలర్ పేరు వినబడిన చోటల్లా 'ఎవరి దగ్గర చేశావమ్మా?' అన్న ప్రశ్న వెనకే వస్తుంది, వారు దిగులుపడనక్కర్లేదు.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా?

రెండు పోస్టులుగా రాయండి. ఇంగ్లీషుది మీ రంగంవారికి, తెలుగుది ఈ జిల్లావారికి. తెలుగుదాన్ని ఇంగ్లీషు పోస్టుకు అనువాదంగా కాకుండా, ఇంట్లో పెద్దవారికి చెప్పినట్టు వేరుగా రాసుకుంటే చదవబుద్ధి వేస్తుంది. శాస్త్ర పదానికి తెలుగులో వాడుక మాట లేకపోతే ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాసి ఒక వాక్యంలో వివరించండి.

నగరంలో ప్రమాదం జరిగినప్పుడు మా దగ్గరి కొలతలు వెంటనే పెట్టవచ్చా?

2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ విషవాయువు లీకైన ఉదయం, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజు ఈ ఊళ్లో ఉన్నవారికి ఒక్క అంకె ఎంత భయాన్ని గాని, ఎంత తప్పుడు ధైర్యాన్ని గాని కలిగించగలదో చెప్పనక్కర్లేదు. కొలతను ముందు జిల్లా యంత్రాంగానికి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా పంపండి. బహిరంగంగా పెట్టేటప్పుడు పరికరం పేరు, చోటు, సమయం, ప్రమాణం, దోషపరిమితి అన్నీ అంకె ఉన్న చిత్రంలోనే రాయండి, ఎందుకంటే ఫార్వర్డ్ అయ్యేది చిత్రమే, కింది వివరణ రాలిపోతుంది. మీ రంగం కానిదాని మీద ఆ రోజు మౌనంగా ఉండటం కూడా సేవే. సముద్రం కాస్త వెనక్కి తగ్గిన ప్రతిసారీ సునామీ అంటూ తిరిగే సందేశాలకు ఆచార్యుల పేర్లు అరువు ఇవ్వవద్దు.

లైకులు, ఆల్ట్‌మెట్రిక్ స్కోరు ప్రమోషన్‌కు పనికివస్తాయా? కనీసం సైటేషన్లు పెరుగుతాయా?

ప్రమోషన్ దరఖాస్తులో వాటిమీద ఆశ పెట్టుకోవద్దు. సైటేషన్ల (ఇతర పేపర్లలో వచ్చే ఉదహరింపుల) విషయంలో ఆధారాలు ఒకే వైపు లేవు. 2024లో ప్లాస్ వన్ జర్నల్‌లో వచ్చిన ఒక నియంత్రిత ప్రయోగంలో 11 మంది శాస్త్రవేత్తలు 110 పేపర్లను ట్వీట్ చేసి మూడేళ్లు గమనించారు. చదువరులు, డౌన్‌లోడ్లు పెరిగాయి, సైటేషన్లలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఛాతీ శస్త్రచికిత్స రంగంలో అంతకుముందు జరిగిన మరో ప్రయోగంలో పెరుగుదల కనిపించింది. పోస్టు వల్ల కొత్త స్కాలర్లు, డేటా అడిగేవారు, తప్పు చూపేవారు వస్తారు. నా మటుకు పోస్టు పెట్టడానికి ఆ కారణాలు చాలు.

వైవా రోజు శాలువా ఫొటోలు పెట్టవచ్చా?

తప్పకుండా పెట్టండి, ఆ రోజు వారిది. విశ్వవిద్యాలయం ఉత్తర్వు వెలువడేదాకా పేరు ముందు 'డాక్టర్' చేర్చకండి, బయటి పరీక్షకులు ఫొటోలో ఉంటే వారిని అడగండి. థీసిస్ శోధ్‌గంగ (దేశంలోని థీసిస్‌ల ఆన్‌లైన్ భాండారం)లోకి వచ్చాక అదే పోస్టు కింద లింకు చేర్చితే ఫొటో చూసినవారిలో కొందరైనా థీసిస్ తెరుస్తారు.

## తరువాతి రోజుల్లో

పోస్టు కింద ఎవరో మా పేపర్‌లో తప్పు చూపించారు. తీసేయాలా?

తీసేయవద్దు. 'చూస్తున్నాం, ఫలానా తేదీలోగా చెబుతాం' అని సహరచయితలందరితో మాట్లాడిన తరువాత రాయండి. తప్పు నిజమైతే జర్నల్‌కు సవరణ పంపి, ఆ లింకును పాత పోస్టు కిందే పెట్టండి. ప్రచురితమైన పేపర్లను చర్చించే వెబ్‌సైటు పబ్‌పీర్‌లో 2012 నుంచి ఇలాంటి వ్యాఖ్యలు పేరు చెప్పకుండా కూడా రాయవచ్చు. రాసినవారు ఎవరో వెతకడం మీద కాకుండా రాసిన విషయం మీద సమయం పెట్టండి. జవాబు రాసే భారం ఒక్క స్కాలర్ మీద వదిలేయడం అన్యాయం, కరెస్పాండింగ్ ఆథర్ (పేపర్ గురించి ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయిత) ఉన్నది అందుకే.

స్కాలర్ వెళ్లిపోయారు. పేజీ నుంచి పేరు తీసేయాలా?

'పూర్వ సభ్యులు' అన్న జాబితాలోకి మార్చండి, చేరిన, వెళ్లిన సంవత్సరాలతో. డిగ్రీ పూర్తికాకుండా వెళ్లినవారు, మనస్పర్థతో వెళ్లినవారు కూడా అందులో ఉండాలి. వారి ఫొటో మాత్రం వారు వద్దంటే తీసేయాలి.

గైడ్ రిటైరవుతున్నారు. గ్రూపు ఖాతాను మూసేయాలా?

పని కొనసాగించేవారు ఉంటే రికవరీ కోడ్లతో సహా వారికి రాతపూర్వకంగా అప్పగించండి. లేకపోతే వివరణలో గ్రూపు నడిచిన సంవత్సరాలు, థీసిస్‌ల జాబితా ఉన్న లింకు పెట్టి, చివరి పోస్టును పైన పిన్ చేసి వదిలేయండి. ఎక్స్‌లో ఖాతాను డీయాక్టివేట్ చేస్తే 30 రోజుల తరువాత తిరిగి రాదు, ఇతరుల పేజీల్లో దానికి ఉన్న లింకులన్నీ తెగిపోతాయి. ఫోను నంబరును మాత్రం తొలగించి సంస్థ ఈమెయిలును ఉంచండి. రిటైరయ్యాక ఆ ఈమెయిలు ఎన్నాళ్లు పనిచేస్తుందో కంప్యూటర్ సెంటర్‌లో ముందే అడిగి పెట్టుకోవాలి.